బాపు పేరు సాఫ్‌గ రావాలె

తమ్మీ, అవ్వకు ఆయాసం ఎక్కువైంది. చేవెళ్ల దవాఖానకు తీస్కపోతున్న. కెమెరా బియ్యం డబ్బా మీద ఉన్నది, సెల్లులు కొత్తవి వేసిన. పొద్దు వాలకముందే చిన్న మంగళారం ఊరి బొందలగడ్డకు, బాపు సమాధి కాడికి పో. సాఫ్ట్‌వేరోళ్లకు ఫాంహౌస్ ప్లాట్లు చేసేటోళ్లు రేపు డోజర్ తెస్తున్నరంట.

పోయినసారి నువ్వు తీసిన ఫోటోలల్ల సిలువ కింద బాపు పేరే చదవనీకి రాలేదు. ఇది సమాధి అని ఎవరు నమ్ముతరు అన్నడు వకీల్ సాబ్. ఈసారి ఫ్లాష్ బందు పెట్టు, దాంతోని రాయంత తెల్లగైతది. జూమ్ గుంజకు, దగ్గరికి పోయి కెమెరల పువ్వు గుర్తు పెట్టు, దగ్గరియి సాఫ్‌గ వస్తయి. మోచేతులు దేనికన్న ఆనిచ్చి, బటన్ సగం ఒత్తి ఊపిరి బిగవట్టు. తెర మీద ఆకుపచ్చ గడి వచ్చినంకనే పూర్తిగ ఒత్తు. నీకు అన్నిట్ల తొందరే, అందుకే ఇంత రాస్తున్న. ప్లాట్లోళ్లు పిలిస్తె పలకకు.

బాపు పక్కన అవ్వకని వదిలిన జాగల కూడ వాళ్లు హద్దురాయి పాతిన్రు. వకీల్ సాబ్ కోసం అది కూడ సాఫ్‌గ తియ్యి.

అక్క

ఇంకోటి. బాపు పక్కన తన జాగ అట్లనే ఉన్నదా అని అవ్వ పొద్దటి నుంచి అడుగుతున్నది. ఉన్నదని చెప్పిన. ఫోటో చూపియ్యమంటున్నది. ఆమె కోసం ఆ జాగది ఒకటి చెయ్యి కదిలించి తియ్యి.