గోడ బయటి చోటు

గిద్దలూరు దగ్గర పాలెం,
1934 జూలై.

ప్రియమైన సువార్త వదినకు,

సుశీల వందనాలు. గిద్యోను అన్న పోయాక నువ్వు చంద్రశేఖరపురం వెళ్లిపోయావు. అక్కడ బడిలో వంట చేస్తున్నావని, అటు వచ్చిపోయే మన పాలెం వరప్రసాదం చెబితే తెలిసింది. ఇన్నేళ్లూ నేను రాయలేదు, నువ్వూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

నాయన మంచం పట్టాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం బాగానే ఉంది. గిద్దలూరు డాక్టరు చూసి పెదవి విరిచాడు. పొద్దున లేస్తే నాయనది ఒకటే మాట: "సువార్తను పిలిపించు బిడ్డా. ఒక్కసారి చూడాల."

నీకు అక్షరాలు దిద్దించింది ఆయనే. దిక్కులేని అన్నను తెచ్చి పెంచి, పంతులును చేసి, నీకిచ్చి పెళ్లి చేసిందీ ఆయనే. ఆ మమకారం కోసమైనా రా వదినా.

నీ ఆడబిడ్డ,
సుశీల

చంద్రశేఖరపురం.

ప్రియమైన సుశీలకు,

నీ మీద నాకు కోపం లేదు. ఉన్నదంతా మీ నాయన మీదే. డాక్టరు పెదవి విరిచాడని చదివి కూడా నాకు జాలి కలగలేదు. దాచుకోవడం నాకు చేతకాదు.

ఆ ఏడాది నువ్వు మార్కాపురంలో నర్సు పని నేర్చుకుంటున్నావు. నీకు ఎవరేం చెప్పారో నాకు తెలియదు. జరిగింది విను.

ఊళ్లో అమ్మవారి కొలుపు రోజు. సాయంకాలం అడవి గూడెం చెంచయ్య పరుగెత్తుకొచ్చాడు. వాళ్ల గూడెం బయ్యమ్మ కూతురు ఎండుకట్టెలకు వెళ్లి తిరిగి రాలేదు, దారిలో పులి అడుగులున్నాయి. "డప్పు కొడితే పులి పక్కకు పోతాది సామీ. పిల్ల ఆ సప్పుడు పట్టుకొని వస్తాది" అని ఏడ్చాడు. మన పాలెంలో డప్పులెక్కడివి? ఇక అమ్మవారికి కొట్టమని, బాప్తిస్మం తీసుకున్న నాడే అందరూ వాటిని మీ నాయనకు అప్పజెప్పారు. బడి అటక మీద బూజు పట్టి ఉన్నాయి. మీ నాయనే అటకెక్కి ఒకటి దించాడు. తానే మంట మీద కాచి నా మొగుడి చేతికిచ్చాడు. "పో గిద్యోనూ. ప్రాణం పోతుంటే కట్టుబాటు ఏందిరా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

పిల్ల దొరికింది. ఆదివారం నాడు సంఘ పెద్దలు నా మొగుణ్ణి మన గుడిలో సంఘం ముందు నిలబెట్టారు. కొలుపు రోజు డప్పు మోగింది కాబట్టి అమ్మవారికే కొట్టాడని తేల్చారు. సాక్ష్యం చెప్పడానికి చెంచయ్య వస్తే, విగ్రహాలకు మొక్కేవాడి మాట చెల్లదని, ఆడది పెనిమిటి తరఫున మాట్లాడకూడదని మా ఇద్దరినీ వాకిట్లోనే ఆపారు. చెల్లే మాట మీ నాయనదొక్కటే. ఆ మరుసటి నెలలోనే ఆయనకు అయ్యగారి పట్టం, అదే పాస్టరు పదవి, ఇవ్వబోతున్నారు. అందుకని తల వంచుకొని కూర్చున్నాడు. నా మొగుణ్ణి వెలేశారు.

నా మొగుడూ నోరు విప్పలేదు. ఇంటికొచ్చి నేను అరిస్తే, "ఆయనే చెప్తాడులే. ఆయన ముందర నేను మాట్లాడేదేంది?" అన్నాడు. అడవి జ్వరం వచ్చి ప్రాణం పోయేదాకా ఎదురుచూశాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టనివ్వని మనిషని సమాధుల దొడ్డి గోడ బయట పూడ్చారు. ప్రార్థన చెయ్యడానికి కూడా మీ నాయన రాలేదు.

నేను రాను.

గిద్యోను భార్య,
సువార్తమ్మ

పాలెం.

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం నాయనకు చదివి వినిపించాను. నేను చదవడం ఆపిన చోటల్లా "చదువు" అన్నాడు. అయిపోయాక, "అంతా నిజమే" అన్నాడు. నాకు ఇంతవరకు తెలియదు వదినా. నన్ను నమ్ము. ఆ మాట విన్నప్పటినుంచి ఆయనకు అన్నం పెట్టాలంటే చెయ్యి రావడం లేదు, పెట్టకుండా ఉండలేకపోతున్నాను.

ఇప్పుడాయన కోరిక ఒక్కటే. "నన్ను గోడ లోపల పెట్టొద్దు. గిద్యోను పక్కన పెట్టండి." సంఘ పెద్ద కోటయ్యను పిలిచి చెప్పాడు. కోటయ్య, "మొగుడి పక్క చోటు పెండ్లానిది అయ్యగారూ. ఆయమ్మ ఒప్పుకోవాల" అన్నాడు. అందుకని అడుగుతున్నాను.

నీ సుశీల

చంద్రశేఖరపురం.

సుశీలా,

నీ చెవిలో చెప్పుకున్నది నాకు పనికిరాదు. బల్ల ఆదివారం నాడు సంఘమంతా కూర్చున్నప్పుడు, ఏ చోట నోరు మూసుకున్నాడో ఆ చోటే చెప్పమను. నడవలేకపోతే మంచంతో మోయించుకొని రమ్మను. నా జవాబు ఆ తరువాత.

సువార్తమ్మ

పాలెం.

ప్రియమైన వదినకు,

నాయన చెప్పాడు. మంచం మీద గుడిలోకి మోశారు. "డప్పు దించింది నేను. కాచింది నేను. పంపింది నేను. పట్టం పోతాదని నోరు మూసుకున్నా" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఏడ్చాడు. నీ పేరు పలికాడు. పెద్దలు అన్న మీది వెలి ఎత్తేశారు. ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు.

ఆ తరువాత ఆయన ముద్ద మింగడం లేదు. నీ జవాబు కోసమే ప్రాణం పట్టుకున్నాడు. నీ మనసు కరిగే ఉంటుందని నాకు నమ్మకం. తొందరగా రాయి.

నీ సుశీల

చంద్రశేఖరపురం.

ప్రియమైన సుశీలకు,

ఆ ఆదివారం నేనూ వచ్చాను. చెంచయ్యతో, బయ్యమ్మతో కలిసి కిటికీ బయట నిలబడ్డాను. నీకు కనబడకుండా వెళ్లిపోయాను. అందరి ముందు ఆయన పరువు పోవడం కళ్లారా చూడాలని వచ్చాను. చూశాను. నా కడుపులో మంట చల్లారుతుందనుకున్నాను, చల్లారలేదు. ఆ మాటలు వినాల్సిన మనిషి వినలేదు.

ఆయన నాకు చదువిచ్చాడు, మంచి మొగుణ్ణిచ్చాడు. కాదనను. కానీ నా సంసారం సంగతి నీకు తెలియదు. అయ్యగారు తినందే నా మొగుడు తినేవాడు కాదు. ఆయన్ను అడగందే బిడ్డకు పేరు పెట్టలేదు, ఆ బిడ్డ పోతే ఆయన ఏడవొద్దన్నాడని ఏడవలేదు. చచ్చేటప్పుడు నేను తల దగ్గర కూర్చుంటే, వాకిలి వైపు చూస్తూ "వచ్చినాడా?" అని అడిగాడు. నా పేరు పిలవలేదు.

ఆయన్ను గోడ లోపలే పెట్టండి. ఎవరికి భయపడి నోరు మూసుకున్నాడో వాళ్ల పక్కనే పడుకోనీ. ఈ మాట దాచకుండా ఆయనకు చదివి వినిపించు.

బతికినన్నాళ్లూ మా ఇద్దరి మధ్య ఆయనున్నాడు. ఇకనైనా నా మొగుణ్ణి నాకు వదిలెయ్యమను.

సువార్తమ్మ