బావగారి రౌటర్ చెప్పిన దారి

ఆదిత్యపూర్,
గురువారం.

బావగారికి నమస్కారం.

సోమవారం జుగ్సలాయిలో మీ ఇంటర్నెట్ కంపెనీ రౌటర్, ఇంటర్నెట్ అంతటికీ దారి తన మీదుగానే అని పొరపాటున ఇక్కడి మా కంపెనీ రౌటర్‌కు చెప్పింది. మాది నమ్మేసింది. నలభై నిమిషాలు మా కస్టమర్లందరికీ నెట్ ఆగిపోయింది. మీ స్టాఫ్ ముందే మిమ్మల్ని నానా మాటలూ అన్నాను.

ఇప్పుడు ఫిల్టర్ పెట్టాను. ఇకపై మీ సొంత నెట్‌వర్క్ అడ్రసులకే మీరు చెప్పే దారి తీసుకుంటాం. వాటి జాబితా పంపండి.

అక్క ఫోన్ చేసి, "మా ఆయన్ని నమ్మవేటిరా?" అంది. మా నుంచి మీకు వచ్చే దారులకూ అలాంటి ఫిల్టరే పెట్టానని చెప్పలేదు. నిన్న అది ఆపిన మొదటి తప్పు నాదే, అచ్చం మీరు చేసినటువంటిదే. మీదాకా రాలేదు కాబట్టి నన్నెవరూ ఏమీ అనలేదు.

మీ బావమరిది