మూడో పొర

మంగళవారం, రాత్రి

కారు రంగు పాడవకుండా పూసే సిరామిక్ కోటింగ్ ఒక్క పొర చాలని, మన ఎండలకు మహా అయితే రెండని షాపాయన ఎంత చెప్పినా మా ఆయన వినలేదు. నిన్న మూడోది వేయించాడు. ఈ ఉదయం ఆలూరు నుంచి ఫోన్. చెల్లెలు సుజాతకు నొప్పులు మొదలయ్యాయట. కాన్పు సమయానికి పక్కనే ఉంటానని దానికి మాటిచ్చాను.

"కారు తియ్యప్పా, పోదాం" అన్నాను.

"పొర ఇంకా గట్టిపడలేదు. ఆలూరు దోవంతా దుమ్మే. బస్సులో పోదాం పా."

"దుమ్ము పట్టకూడదనే కదా ఇన్ని పొరలు పూయిస్తివి! ఇంగ ఆ కారు ఎందుకు?"

ఆయన బస్సుకు చిల్లర వెతుక్కున్నాడు. మా కల్లూరు నుంచి షేర్ ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి బస్సులో నిలబడి వెళ్ళాం. మేం ఆలూరు ఆసుపత్రికి చేరేసరికే ఆడపిల్ల పుట్టేసింది.

"యాడుంటివక్కా ఇంతసేపు? శానా భయమాయ" అని సుజాత నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కారు ఆరుతోందని దానికెలా చెప్పను? బస్సు దొరకలేదన్నాను.

ఆయన పాపను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు తనే అన్నాడు, "తప్పు చేసినా. పాపను ఇంటికి మన కారులోనే తీసకపోదాం" అని. నా కోపం సగం దిగింది.

ఇల్లు చేరి చెప్పులు విప్పుతున్నానో లేదో, షాపాయనకు ఫోన్ చేసి అడుగుతున్నాడు: "కారులో పసిబిడ్డ వస్తాండాది, పాలు కక్కుతాది. సీట్లకు కూడా ఏమన్నా కోటింగ్ ఉండాదా?"