తేమ తగ్గిన ఇల్లు

మా శ్రీమతి గారికి,

ఇక్కడ నేనూ, నీ మరిదీ కులాసా. అక్కడ నువ్వూ, మీ అన్నయ్యా, వదినా బాగున్నారని తలుస్తాను. ఆయాసం తగ్గిందనీ, ఆగకుండా మెట్లెక్కుతున్నాననీ రాశావు. ఆ ఒక్క ముక్కే మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

"మా మరిది తింటున్నాడా?" అని అడిగావు. తాబేలును మరిదిని చేసింది నువ్వు, జవాబు చెప్పే బాధ్యత నాది. శుభ్రంగా తింటున్నాడు. ఆకులు వేస్తే మూతి తిప్పుకుంటాడు. ఎండు రొయ్యలు వేస్తే మెడ బారెడు సాగుతుంది.

కుంట సంగతీ అడిగావు. వెనక గదిలో వాడికోసం నేను కట్టిన ఆ కుంట వల్లనే కదా గోడలు చెమ్మగిల్లి, బట్టల బీరువాకు బూజు పట్టి, చివరికి నీకు ఊపిరాడక ఆస్పత్రికి పరిగెత్తాం. ఈ తేమలో ఆవిడ ఉండకూడదని డాక్టరు తేల్చి చెప్పాక మీ అన్నయ్య వచ్చి నిన్ను తీసుకెళ్లాడు. తాబేలును ఎవరికైనా ఇచ్చేస్తానంటే ఒప్పుకోనిది నువ్వే. "నోరు లేనివాడు, ఎక్కడికి పంపుతారండీ? ఆ నీళ్లనే ఓ దారికి తెండి" అన్నావు.

తెచ్చాను. ముందు కుంటలోకి పంపుతో దూకించిన ఆ బుల్లి జలపాతం ఆపేశాను. చిందే నీళ్లే ఎక్కువగా ఆవిరయ్యేవట. పంపు గొట్టాన్ని నీళ్ల అడుగుకు దించాను. నీళ్లు ఎప్పట్లాగే శుభ్రపడుతున్నాయి కానీ చప్పుడు లేదు. అది ఆగాకే తెలిసింది, ఇంట్లో ఇంకే చప్పుడూ లేదని.

తర్వాత నీటి మీద ప్లాస్టిక్ బంతులు పరిచాను. నీ మరిది వాటిని కొరకడం మొదలుపెట్టాడు. ముక్క మింగితే ప్రాణం మీదికి వస్తుందని భయపడి అన్నీ ఏరేశాను. కళ్లద్దాల షాపు నడిపేవాడికి చివరికి అద్దమే తోచింది. మందపాటి అద్దాలు మూతగా వేసి, వాడు ఎక్కి వెచ్చగా పడుకునే రాయి వైపు గాలికోసం జాలీ బిగించాను. ఇప్పుడు ఆవిరి అద్దానికి తగిలి, చుక్కలై మళ్లీ కుంటలోకే జారుతోంది. పశువుల డాక్టరును అడిగి హీటరు కాస్త తగ్గించాను. మిగిలిన తేమను బయటికి తోసేలా కిటికీలో ఫ్యాను పెట్టాను. కుంటలో తగ్గిన నీళ్లకు బకెట్లతో పోసేవాణ్ణి, ఇప్పుడు చెంబుతో సరిపోతోంది. తేమ కొలిచే మీటరు ఎనభై చూపించేది, యాభై దాటడం లేదు.

పైవాటా మాస్టారు వచ్చి ముక్కు ఎగబీల్చి చూశారు. "వాసన పోయిందే! ఇంకేం, ఆవిణ్ణి పిలిపించుకోండి" అన్నారు.

"గోడలు ఇంకా ఆరాలండీ" అన్నాను. అప్పటికే ఆరిపోయాయి.

నీకూ అదే అబద్ధం రాశాను. పోయిన ఉత్తరంలో "పని ఇంకా సాగుతోంది" అన్నానే, అప్పటికే అంతా అయిపోయి చాలా రోజులైంది. ఇల్లు ఆరిందని రాశాక కూడా నువ్వు రాకపోతే, నిన్ను అక్కడ ఆపింది తేమ కాదని తెలిసిపోతుంది. అది తెలియకుండా ఉండాలని ఇంట్లో లేని తడిని ఉత్తరాల్లో ఉంచాను. నువ్వు ప్రతిసారీ తాబేలు గురించి అడుగుతావు, గోడల గురించి అడుగుతావు. నన్ను అడగవు. నిష్ఠూరం కాదు. మనిద్దరి మధ్య మాటలు నువ్వు వెళ్లకముందే తగ్గిపోయాయి. దగ్గు చప్పుడులో గమనించుకోలేదంతే.

నిన్న మీ అన్నయ్య ఫోన్ చేశాడు. నువ్వక్కడ పిల్లలకు కుట్టుపని నేర్పిస్తున్నావట, పాటలు కూడా పాడుతున్నావట. ఉండబట్టలేక అడిగేశాను, "బావా, తనసలు వస్తుందంటావా?" అని.

"నన్నడిగితే ఏం చెప్పను బావా? వచ్చి దాన్నే అడుగు" అన్నాడు.

అందుకే శనివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. తాబేలుకు తిండి మాస్టారు చూస్తానన్నారు. రమ్మని బతిమాలను, ఉండిపొమ్మని గొప్పలూ పోను. తిరుగు టికెట్టు మాత్రం ఇంకా కొనలేదు. ఒకటి కొనాలో, రెండు కొనాలో నువ్వే చెప్పాలి. ఏది చెప్పినా సరే, బస్సు వచ్చేదాకా నా పక్కన కూర్చో.

ఇట్లు,
మీ ఆయన