తాతయ్యకు వినిపించాల్సిన తప్పు

చిట్టితల్లీ,

పాలు కాచి మూతపెట్టాను, వేడిచేసుకుని తాగు. తలుపు గడియ వేసుకో. నేను తాతయ్య దగ్గరికి ఆసుపత్రికి వెళ్తున్నాను. మీ అమ్మ పని అయ్యాక నేరుగా అక్కడికే వస్తుంది.

రేపు నీకు సైన్సు పరీక్ష. అప్పజెప్పించుకోవడానికి తాతయ్య లేడని నోట్లో గొణుక్కోకు. ఆయన ఫోను అలమరలో ఉంది. గట్టిగా చదువుతూ అందులో రికార్డు చేసి అమ్మకు పంపు. నేను ఆయన చెవి దగ్గర పెడతాను. వినపడుతుండొచ్చు, మాట్లాడుతూ ఉండండని డాక్టరు అన్నాడు.

శక్తి, పరమాణువులు అన్నీ సరిగ్గానే చదువు. ఘన, ద్రవ, వాయు పదార్థాల దగ్గరికి వచ్చాక మాత్రం మంచుగడ్డ వాయువని చెప్పు. పరీక్షలో అలా రాసేవు, జాగ్రత్త. ఆయన గురకపెడుతున్నాడు కదా అని నువ్వొక ముక్క మింగేస్తే, "ఎవరే ఆ దొంగ, మళ్లీ మొదట్నుంచి చెప్పు" అంటూ లేచి కూర్చునేవాడు, గుర్తుందా? పడిపోయిన రోజు నుంచి ఆ కళ్లు తెరవలేదు.

శక్తి ఎక్కడికీ పోదు, రూపం మారుతుందంతే అని నువ్వు వల్లెవేస్తుంటే పొయ్యి దగ్గర నుంచి విన్నాను. మరి ఆయన అరుపులన్నీ ఏ రూపంలోకి మారాయో నీ పుస్తకంలో ఉంటే చూసిపెట్టు.

మీ నానమ్మ

మరిచిపోయాను. నీళ్లు మరిగితే మంచవుతాయని నిన్న నేనే ఆయన చెవిలో చెప్పి చూశాను. కదల్లేదు. నా తప్పులు ఆయనకు కొత్తేం కాదు. నువ్వు చెబితే ఊరుకోడు.