నా ఐదు నిమిషాలు

శనివారం, రాత్రి

భవానీపురం కమ్యూనిటీ హాల్లో ఈ సాయంత్రం మా కాలనీ అసోసియేషన్ సభలో పదిమంది తమ గురించి మాట్లాడారు, మనిషికి ఐదు నిమిషాలు. మేడమీద వంకాయలు పండించే టీచరుగారు హాలంతటినీ నవ్వించారు. తర్వాత నేను.

నేను వెళ్లింది ఒక్క పేరు చెప్పడానికి. వన్ టౌన్ గోడౌన్‌లో బస్తాల మీది అక్షరాలు చూపించి నాకు చదవడం నేర్పిన హమాలీ కోటయ్య పేరు. ఆయన ఇప్పుడు లేడు, కూతురు మంగమ్మను నేనే పిలిచాను. మూడో వరసలో కూర్చుంది.

నన్ను పరిచయం చేస్తానని అసోసియేషన్ ప్రెసిడెంటు ప్రసాదరావు గారు మైకు పట్టుకుని వదల్లేదు. "బడి మొహం చూడలేదండీ ఈయన! ఎవరి దగ్గరైనా ఒక్క అక్షరం నేర్చుకుంటే ఒట్టు! అంతా స్వయంకృషే!" ఒకటే చప్పట్లు. ఆ పరిచయం కూడా నా ఐదు నిమిషాల్లోనే లెక్క. మైకు నా చేతికిస్తూ, "ఒక్క నిమిషమే ఉందండీ, కానివ్వండి" అన్నారు.

పేరు చెప్పడానికి నిమిషం చాలు. కానీ అందరిముందూ ప్రెసిడెంటు గారి మాట ఎలా కాదనాలో తెలియక, నమస్కారం పెట్టి దిగిపోయాను. శాలువా కప్పితే కప్పించుకున్నాను కూడా.

గేటు దగ్గర మంగమ్మ ఆటో ఎక్కుతూ, "బాగా పొగిడారు అన్నయ్యా" అంది. "నీకు చదువు చెప్పానని మా నాన్న ఊరికే అనేవాడన్నమాట. మేం నిజమే అనుకునేవాళ్లం."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. "జాగ్రత్తగా వెళ్లమ్మా" అన్నాను.

రేపు వాళ్లింటికి వెళ్లి చెప్పొచ్చు. చప్పట్లు కొట్టినవాళ్లందరి ఇళ్లకూ ఎలా వెళ్లను?