ఎండకెదురుగా ట్రంపెట్

ప్రియమైన అక్కయ్యకు,

చర్మవైద్యురాలివైన నీ దృష్టికి తెచ్చేదేమంటే, నా కింది పెదవి మీద నీటిపొక్కులు మళ్లీ లేచాయి. ఏటా మా కర్మాగారం మూడు రోజుల వార్షికోత్సవానికే లేస్తాయి. ఈసారీ ఊదలేకపోతే మొదటి ట్రంపెట్ స్థానం రెండోవాడికేనని బ్యాండు మాస్టరు తేల్చేశాడు. రెండోవాడు అప్పుడే నా ఆరోగ్యం గురించి ఆత్రంగా వాకబు చేస్తున్నాడు.

నేనూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. సెలూన్‌లో దువ్వెనల క్రిములను అతినీలలోహిత కాంతి పెట్టెలో చంపుతారు కదా. ఆ కిరణాలే ఎండలో ఉచితం. అందుచేత రోజూ మధ్యాహ్నం డాబా మీద పెదవి చాచి కూర్చుంటున్నాను. పక్కింటివారు కిటికీలు మూసుకుంటున్నారు. విజ్ఞానానికి ఈ అవమానాలు తప్పవు.

ఇట్లు,
చికిత్సలో ఉన్న తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు దువ్వెనవు కావురా. దువ్వెన మీది క్రిమి పైపైన ఉంటుంది. నీ పొక్కులకు కారణమైన వైరస్ ముఖంలోని నరం మొదలు దగ్గర ఏళ్లుగా నిద్రపోతోంది. అక్కడికి ఎండ చేరదు; చేరేది చర్మానికే. చర్మంలో కాపలా కణాలుంటాయి. గట్టి ఎండకు వాటిలో చాలావరకు చోటు వదిలిపోతాయి, మిగిలినవి మందగిస్తాయి. ఆ సందు చూసుకుని వైరస్ నరం వెంట పెదవి మీదికి దిగుతుంది. దొంగకు దీపం పట్టి దారి చూపుతున్నావన్నమాట.

తక్షణం డాబా దిగు. పెదవికి ఎండ నుంచి కాపాడే లేపనం రాయి. చురుక్కుమనగానే వేసుకునే మాత్రలు పంపుతున్నాను. పొక్కులు పూర్తిగా మానేదాకా నీ ట్రంపెట్‌ను ఎవరి నోటికీ అందనీయకు, రెండోవాడికైనా సరే.

ఇంతకీ మీరు రిహార్సల్స్ ఎక్కడ చేస్తారు?

మందలించడం మానలేని
అక్క

ప్రియమైన అక్కయ్యకు,

నీ ప్రశ్నపై దర్యాప్తు పూర్తయింది. టెంటు ఒక్కటే, అందులో అతిథులు, ఎదురుగా ఎండలో మేము. రిహార్సల్స్ కూడా వారం ముందునుంచి అక్కడే. పెద్దల ముఖాన ఎండ పడరాదన్నది మా ఆనవాయితీ.

నీడ అడిగితే మాస్టరు, "కళాకారుడికి ఎండేమిటయ్యా?" అన్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. క్లారినెట్ పెద్దాయన మీసం ఎత్తి తన పొక్కు చూపించాడు. "నీడ లేకుంటే నేనూ వాయించను," అన్నాడు. టెంటు మా మీదికి వచ్చింది, ఎండ అతిథుల మీదికి వెళ్లింది.

పొక్కులు మానాయి, మూడు రోజులూ ఊదాను. ఒక్క స్వరమైనా చెదరలేదు. నా స్థానం నాకే ఖాయమైంది.

ఆఖరి రోజు ముగింపు ఉపన్యాసానికి లేచిన మేనేజరుగారు, రెండు రోజులు ఎండను ఎదుర్కొన్న మనిషి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని రెండే వాక్యాలు పలికి కూర్చున్నారు. సంస్థ చరిత్రలో అన్ని చప్పట్లు ఏ ఉపన్యాసానికీ పడలేదు.

తర్వాత నన్ను చాటుకు పిలిచి నీ ఆసుపత్రి చిరునామా అడిగారు. ఇచ్చాను. వైద్యం తప్పక చెయ్యి. తొందర మాత్రం పడకు.

ఇట్లు,
మొదటి ట్రంపెట్